అంచు చూసి ఇచ్చిన పుస్తకం

సమస్త స్తుతులూ ఆ సృష్టికర్తకే. మనిషికి కలంతో చదువు నేర్పినవాడు ఆయన. మనం పెదవి విప్పి చెప్పిందీ, గుండెలో మడతపెట్టి దాచుకున్నదీ ఆయనకు ఒకే వెలుగులో కనిపిస్తాయి. మన తప్పుల మీద ఆయన కప్పిన దుప్పటి ఒక్క క్షణం తొలగిస్తే మనలో ఎవరం ఎవరి ముఖమూ చూడలేం. ఆయన కరుణ మీద భరోసాతోనే నా చేతిమీదుగా జరిగిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అది 2004. గుంటూరు అరండల్‌పేటలో ఏ లైనులోకి తిరిగినా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డులే కనిపించే రోజులు. ఆ బోర్డుల మధ్యే మా పుస్తకాల షాపు. అంతకు ఆరేళ్ళ ముందు వరకు బడిపిల్లల గైడ్లు అమ్మేవాణ్ణి. తర్వాత కంప్యూటర్ పుస్తకాల్లోకి దిగాను. నా పేరు సుభాని. నాకు అప్పటికి యాభై దాటాయి. ఆదివారాలు మా మసీదులో పెద్దలకూ పిల్లలకూ ధర్మపాఠం చెప్పేవాణ్ణి. కంప్యూటరు మాత్రం ఆన్ చెయ్యడం కూడా రాదు.

మరి ఏ పుస్తకం మంచిదో ఎలా చెప్పేవాణ్ణని మీరు అడగవచ్చు. అంచు చూసి చెప్పేవాణ్ణి. చదివిన పుస్తకాన్ని మూసి, వెన్నుకు ఎదురుగా ఉన్న అంచు చూడండి. బొటనవేలు పడ్డంత మేర నల్లబడి ఉంటుంది. మొదట్లో అంగుళం మాత్రమే నల్లబడి మిగతాదంతా తెల్లగా ఉంటే, చదివినవాడు అక్కడే ఆగిపోయాడన్నమాట. చివరి దాకా ఒకే రంగు ఉంటే ఆ పుస్తకం చదివించుకుంటుంది. మా ఊళ్ళో ఆ మరకకు ఎర్రటి ఛాయ కూడా ఉంటుంది. మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్ళ వేళ్ళకు కారం వదలదు. అలాంటి పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్ము ఖాయం.

ఈ అంచులు చూసే వీలు నాకు మా షాపులోని ఒక అల్మరా వల్ల కలిగింది. దానికి వక్ఫ్ అల్మరా అని పేరు పెట్టాను. వక్ఫ్ అంటే దేవుడి పేరున విడిచిపెట్టిన వస్తువు. దాన్ని అమ్మకూడదు, అవసరమైన వాళ్ళెవరైనా వాడుకోవచ్చు. పరీక్ష అయిపోయినవాళ్ళు తమ పుస్తకాన్ని ఆ అల్మరాకు ఇస్తారు. కొనలేనివాళ్ళు అందులోంచి తీసుకుని, చదువు అయ్యాక తిరిగి అక్కడే పెడతారు. హిందువులు, క్రైస్తవులు, మావాళ్ళు అందరూ ఇచ్చారు, అందరూ తీసుకున్నారు. తిరిగొచ్చిన పుస్తకానికి అట్ట వేసి, అంచు చూసి, అరలో పెట్టేవాణ్ణి. తెరిచేవాణ్ణి కాదు. చదివినవాడు మార్జిన్లో ఏం రాసుకున్నాడో చూడటం ఒకరి ఉత్తరం చదవడంలాంటిదని నా నమ్మకం. ఒకరి గుట్టు వెదకకూడదని ఆదివారం పాఠంలో చెబుతూ, ఈ అల్మరానే ఉదాహరణగా చూపేవాణ్ణి. చెప్పొద్దూ, అందులో కొంచెం గర్వం ఉండేది.

ఆ ఏడాది దసరా సెలవులు అయిపోయాక కోటేశ్వరరావు వచ్చాడు. ప్రత్తిపాడు దగ్గర పత్తి రైతు కుటుంబం. గుంటూరు శివార్లలో ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పనంతా తనే చూసేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

"సుభాని గారూ, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ సర్టిఫికేషన్ అంట. ఏప్రిల్లోపు పాసవ్వాలి. లేకపోతే మా ఓనరు హైదరాబాద్ నుంచి ఎవరినో తెచ్చి నా నెత్తిన కూర్చోబెడతాడంట. ఏ పుస్తకం చదవమంటారు?"

కంప్యూటర్లలో ఉన్న సమాచారాన్ని దొంగల నుంచీ పొరపాట్ల నుంచీ కాపాడటం వచ్చని ఇచ్చే యోగ్యతా పత్రం అది. అప్పట్లో మా వైపు ఆ పరీక్ష రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అల్మరాలోంచి మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పడుకోబెట్టాను.

"ఇది చూడండి. ఇటుకంత లావు. అంచు ఎంతవరకు మాసింది?"

"వేలెడు."

"వెయ్యి పేజీలు ఇంటికి మోసుకెళ్ళి వంద పేజీలు చదివారు. ఇద్దరు తీసుకెళ్ళినా అంతే. ఈ రెండోది ప్రశ్నలూ జవాబులూ ఉన్న పుస్తకం. వెనక జవాబుల దగ్గర మాత్రమే మాసింది. చదివినవాళ్ళు పాసవ్వలేదు కూడా. ఈ మూడోది చూడండి."

మధ్యరకం లావు. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎరుపు.

కోటేశ్వరరావు షాపు అదిరేలా నవ్వాడు. "మా నాన్న గిత్తను పళ్ళు చూసి కొంటాడు. మీరు పుస్తకాన్ని కూడా అట్లానే కొనిపిస్తున్నారే!"

"గిత్త తన్నితే వెనక్కి తోలుకురండి."

"తన్నితే మీ మీదికే తోలతా!"

అల్మరా కాపీ వేరేవాళ్ళకు ఉండనివ్వమని, అదే పుస్తకం కొత్తది కొనుక్కున్నాడు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం భోజనం వేళ మా షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుని చదివేవాడు. ఆఫీసులో ఫోన్లు చదవనివ్వవని చెప్పేవాడు. చేతిలో ఎప్పుడూ పెన్సిలుండేది. ప్రతి అధ్యాయం చివరా అభ్యాసాలు ఉంటాయట, వాటిని ఆ పుస్తకంలోనే ఖాళీ జాగాలో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో రాసుకునేవాడు. నేను జొహర్ నమాజుకు, అంటే మధ్యాహ్నపు ప్రార్థనకు మసీదుకు వెళ్ళివచ్చేసరికి ఇంకో పేజీ నిండి ఉండేది. అతను రాస్తున్నప్పుడు కావాలనే ముఖం వీధి వైపు తిప్పుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో హైదరాబాద్ వెళ్ళి పరీక్ష రాశాడు. మర్నాడు పొద్దున్నే రైలు దిగి ఇంటికి కూడా పోకుండా షాపుకు వచ్చాడు. నేనింకా తలుపు పూర్తిగా తియ్యలేదు.

"పాస్! సుభాని గారూ, పాసయ్యానండీ!"

రోడ్డు అవతల టిఫిన్ బండివాడు కూడా తలెత్తి చూశాడు. సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి దానికి దండం పెట్టాడు. అంచంతా ఎర్రగా, ఎక్కడా ఒక్క తెల్ల గీత లేకుండా ఉంది. అంత చక్కని అంచు అంతకుముందు నేను చూడలేదు.

"అల్హమ్దులిల్లాహ్! ఇక ఇది అల్మరాకేగా?" అన్నాను.

అతను పుస్తకం మీద చెయ్యి వేశాడు. "ఇస్తానండీ, తప్పకుండా ఇస్తాను. ఒక్కసారి ఇంటికి తీసుకెళ్ళి చూసుకుని రేపు తెస్తాను."

ఇక్కడ నేనన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "రేపు అనుకున్న దానం రేపటికి బరువైపోతుంది కోటేశ్వరరావు గారూ. సంతోషం వేడిగా ఉన్నప్పుడే ఇచ్చెయ్యాలి. మీ పుణ్యాన ఇంకొకరు పాసవుతారు. చూసుకోవడానికేముంది, మీకు మొత్తం నోటికొచ్చేసింది కదా!"

పెద్దవాణ్ణి, దేవుడి పేరెత్తి అడుగుతున్నాను. కాదనలేకపోయాడు. "సరే, మీరన్నాక" అని చెయ్యి తీశాడు.

రెండు వారాలకు నాగమణి వచ్చింది. పొన్నూరు నుంచి రోజూ బస్సులో వచ్చి ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో పనిచేసే అమ్మాయి. ఆమె కూడా అదే పరీక్షకు చదవాలనుకుంటోంది. ఆ ఎర్ర అంచు పుస్తకం ఆమె చేతిలో పెట్టి, "ఇది చదివినవాడు మొదటిసారికే పాసయ్యాడమ్మా" అని చెప్పి పంపాను.

పన్నెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. పుస్తకాన్ని చీర కొంగులో చుట్టి గుండెకు ఆనించుకుని ఉంది. షాపులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళేదాకా ఒక మూల నిలబడింది. వాళ్ళు మెట్లు దిగగానే బల్ల దగ్గరికి వచ్చింది.

"సాయిబు గారూ, ఇది నాకు ఇచ్చేముందు మీరు తెరిచి చూశారా?"

"లేదమ్మా. ఏం, పేజీలు పోయాయా?"

"పేజీలు పోతే బాగుండేది" అని ఏడో అధ్యాయం చివర తెరిచి నా ముందు పెట్టింది.

అక్కడ అచ్చులో ఒక అభ్యాసం ఉంది. దాని పేరు రిస్క్ అసెస్‌మెంట్. ఒక సంస్థలో కాపాడుకోవాల్సినవి ఏమిటి, వాటికి ఎటువైపు నుంచి ముప్పు రావచ్చు, వస్తే ఎంత నష్టం అని జాబితా వేసుకోవడం. మీరు పనిచేసే చోటునే తీసుకుని రాయండని పుస్తకం చెబుతోంది. దాని కింద, పక్కన, వెనక పేజీలో, పెన్సిలుతో ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు.

పైన కోల్డ్ స్టోరేజీ పేరు. దాని కింద మెయిన్ కంప్యూటర్ పాస్‌వర్డ్. ఓనరుగారి పాస్‌వర్డ్, పక్కన బ్రాకెట్లో 'పెద్దమ్మాయి పేరు, మార్చమంటే మార్చరు.' బ్యాకప్ సీడీలు, అంటే కంప్యూటర్లో ఉన్నదంతా నకలు తీసిన సీడీలు, ఆఫీసులో వెంకటేశ్వరస్వామి పటం వెనక ఉంటాయి. మూడో చాంబరు వెనక తలుపు గడియ సరిగా పడదు. వాచ్‌మన్ టీకి ఏ వేళకు వెళతాడు. అన్నిటికన్నా కింద, బాండు మీద రైతు పేరు కంప్యూటర్లో ఎలా మార్చవచ్చో, మారిస్తే ఎవరికీ ఎందుకు తెలియదో వివరంగా ఉంది.

మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, బయటివాళ్ళకు ఒక మాట. రేటు లేనప్పుడు రైతు తన మిర్చి టిక్కీలను, అంటే గోనె మూటలను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. వాళ్ళిచ్చే బాండు కాగితమే ఆ సరుకుకు సాక్ష్యం. కంప్యూటర్లో పేరు మారితే ఏడాది కష్టం ఇంకొకడి లారీ ఎక్కుతుంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. కోటేశ్వరరావు రోజూ కూర్చున్న స్టూలే అది.

"ఎవరికైనా చూపించావా తల్లీ?"

"నేను చూపించలేదు. కానీ పోయిన వారం మా ఓనరు నా టేబుల్ దగ్గరికి వచ్చి పుస్తకం తీసి తిరగేశారు. 'ఎవరో బాగా కష్టపడి చదివారే' అని నవ్వి పెట్టేశారు. ఆయన ఏ పేజీ చూశారో నాకు తెలియదు. అప్పటికి నేనింకా అయిదో అధ్యాయంలోనే ఉన్నాను." గొంతు తగ్గించింది. "మా ఓనరుకూ ఆ కోల్డ్ స్టోరేజీ ఆయనకూ మాటల్లేవు. యార్డులో గొడవ."

నేను సొరుగులోంచి రబ్బరు తీశాను. నిజం చెబుతున్నాను, నాకు ముందు తోచింది అదే. తోటివాడి లోపం కప్పిపెట్టడం పుణ్యమని ఎన్ని ఆదివారాలు చెప్పానో. ఆ మాట ఇప్పుడు రబ్బరు ముక్కలా చేతికి అందినట్టనిపించింది.

"పెన్సిలే కదమ్మా. తుడిచేద్దాం. నువ్వు మర్చిపో, నేను మర్చిపోతాను. అతని కొలువు నిలుస్తుంది."

నాగమణి పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది. "కాగితం మీద తుడుస్తారు. చూసిన కళ్ళలోంచి ఎలా తుడుస్తారండీ? తొమ్మిదో అధ్యాయంలో ఇదే ఉంది. గుట్టు బయటపడిందేమోనని అనుమానం వచ్చిందంటే బయటపడినట్టే అనుకుని అన్నీ మార్చుకోవాలంట. దాచిపెడితే తప్పు పెద్దదవుతుందంట."

"అతని ఉద్యోగం పోతుందమ్మా."

"తెలుసు. నాకూ ఉద్యోగం ఉందండీ. ఇది మా ఓనరుకు ఇస్తే నాకు మేలే జరుగుతుంది. ఆయనకు ఇవ్వకుండా మీ దగ్గరికి తెచ్చాను." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు భయంగా ఉంది సాయిబు గారూ. ఇన్నాళ్ళూ ఇది నా సంచిలో పెట్టుకుని బస్సులో తిరిగాను."

ఆమెను ఆఫీసుకు పంపించి, షాపు మూసి, ఆటో ఎక్కాను. మార్చి నెల. కోల్డ్ స్టోరేజీ ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. గేటు దాటగానే కారం ఘాటుకు దగ్గు పట్టుకుంది. కోటేశ్వరరావు అద్దాల గదిలో ఉన్నాడు. వెనక గోడకు అతని సర్టిఫికెట్ ఫ్రేములో మెరుస్తోంది. దాని పక్కనే అతను రాసి అంటించిన కాగితం: 'పాస్‌వర్డులు ఎవరూ కాగితం మీద రాయరాదు.'

నా చేతిలో పుస్తకం చూసి లేచి వచ్చాడు. "ఏంటండోయ్, గిత్తను వెనక్కి తోలుకొచ్చారు! తన్నిందా?"

నేను ఆ పేజీ తెరిచి పట్టుకున్నాను. చూశాడు. అతని ముఖంలో నవ్వు ఉన్నచోట ఉన్నట్టే ఉండిపోయింది, రంగు మాత్రం పోయింది. అద్దం తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు.

"ఎవరు చదివారు?"

పేరు చెప్పకుండా జరిగినదంతా చెప్పాను. పన్నెండు రోజులు బయట తిరిగిందని, పేరు చెప్పలేని ఇంకొకరు కూడా తిరగేశారని చెప్పాను.

"ఆ రోజు ఇంటికి తీసుకెళ్తానన్నాను గదండీ" అన్నాడు మెల్లగా. నన్ను నిందించినట్టు కాదు, తనకు తాను గుర్తుచేసుకున్నట్టు. "ఆ నాలుగు పేజీలు తుడిచి ఇద్దామనే."

అతని గొంతు అంత చిన్నగా వినడం అదే మొదటిసారి.

"ఆ మాట గోడ మీద రాసి, మీరే ఎలా రాశారండీ ఇవన్నీ?" అని అడిగాను.

"నిజం రాయకపోతే చదువు వంటబట్టదనుకున్నా. పైగా..." గోడ మీది కాగితం వైపు చూశాడు. "ఇది కాగితమని నాకు తోచనేలేదు సుభాని గారూ. పుస్తకం. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. దాంట్లోంచి చెడు జరుగుతుందని ఎట్లా అనుకుంటాను?"

నాకు మాత్రం తోచిందా? ముఖం తిప్పుకుని మరీ కాపలా కాశాను కదా.

"తుడిచేస్తే?" అన్నాడు.

గంట క్రితం నేనన్న మాటే. అవునని అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. "పుస్తకం తెచ్చినవాళ్ళు తొమ్మిదో అధ్యాయం అంటున్నారండీ" అన్నాను.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "తెలుసు. పరీక్షకు అది మూడుసార్లు చదివాను. చదివినప్పుడు ఇంత కష్టంగా లేదు." లేచి, గోడ మీంచి ఫ్రేము దింపి బల్ల మీద బోర్లా పెట్టాడు. "రండి."

ఓనరుగారు డెబ్బై ఏళ్ళ మనిషి. కాటా దగ్గర, అంటే టిక్కీలు తూచే చోట, కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. కోటేశ్వరరావు నిలబడే అంతా చెప్పాడు, ఒక్క మాట తగ్గించలేదు. హమాలీలు మూటలు దించి వినసాగారు.

"ఎవరెవరు చూశార్రా?" అని అరిచారాయన.

"తెలియదండీ."

"తెలియనివాడికి ఆ సర్టిఫికెట్ ఎవడిచ్చాడ్రా? దొంగలు పడకుండా చూడమంటే దొంగలకు దారి రాసిపెట్టావా? అదీ పుస్తకంలో? అదీ తెలుగులో?"

నేను ముందుకు జరిగాను. "అయ్యా, సగం తప్పు నాది. ఇంటికి తీసుకెళ్ళి తుడిచి ఇస్తానంటే వినకుండా పట్టుబట్టి పుచ్చుకున్నాను."

"నువ్వెవరివయ్యా?"

"పుస్తకాలు అమ్ముకునేవాణ్ణి."

"అమ్ముకునేవాడివి అమ్ముకోక దానధర్మాలు నీకెందుకయ్యా? ఇచ్చేదేదో ఏముందో చూసి ఇవ్వవద్దా? రాతి ముక్కలున్న బియ్యం దానం చేస్తావా నువ్వు?"

ముప్పై ఏళ్ళుగా మసీదులో నేను ఎందరికో చెప్పాను. నాకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

గంటలో పాస్‌వర్డులన్నీ మారాయి. సీడీలు స్వామి పటం వెనక నుంచి బీరువాలోకి వెళ్ళాయి. మూడో చాంబరు గడియకు వెల్డింగ్ మనిషి వచ్చాడు. తర్వాత నాలుగు రోజులపాటు ప్రతి టిక్కీ మీది నంబరునూ రైతుల బాండ్లతో సరిచూశారు. ఆ నాలుగు రోజులూ నమాజులో నిలబడితే ఎన్ని రకాతులు, అంటే ఎన్ని ఆవృత్తులు చేశానో మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. పేర్లు తెలియని రైతులు, వాళ్ళ ఎర్రటి మూటలు కళ్ళముందు కదిలేవి. నాలుగో రోజు సాయంత్రం కోటేశ్వరరావు ఫోన్ చేశాడు. "అన్నీ సరిపోయాయండీ." నేను ఉన్నచోటే నుదురు నేలకానించి సజ్దాలో పడిపోయాను. నాగమణి ఓనరు ఆ పేజీ చూశాడో లేదో ఈనాటికీ తెలియదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున ఆ పేజీలు చింపి కోటేశ్వరరావుకు ఇచ్చేద్దామని, జీవితంలో మొదటిసారి ఒకరి పుస్తకం చివరి దాకా తిరగేశాను. చివరి అధ్యాయంలో ఇంకో అభ్యాసం. మీకు తెలిసిన మరో చోటును తీసుకుని రాయండని ఉంది. కింద అవే ముత్యాల అక్షరాలు.

'సుభాని గారి పుస్తకాల షాపు.

ఒకటి: నమాజుకు వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేస్తారు, తాళం వెయ్యరు. రెండు: తాళంచెవి క్యాలెండర్ వెనక మేకుకు. మూడు: తిరిగొచ్చిన పుస్తకాన్ని తెరిచి చూడరు. చూడకపోవడం మర్యాద అనుకుంటారు. అందులో ఎవరి గుట్టు ఉన్నా చేతులు మారిపోతుంది. తీవ్రత చాలా ఎక్కువ. చెప్పాలి. ఎలా చెప్పాలి? పెద్దాయన బాధపడతారు.'

నన్ను హెచ్చరించే మాట పన్నెండు రోజులు బస్సుల్లో తిరిగింది. అంతకుముందు రెండు వారాలు నా అల్మరాలో, నా తలకు మూరెడు దూరంలో ఉంది. అట్ట వేసింది నేనే. అంచు చూసి మురిసిపోయింది నేనే.

ఆ పేజీలు తీసుకుని కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. కోటేశ్వరరావు అద్దాల గదిలో లేడు. కాటా దగ్గర ముక్కుకు రుమాలు కట్టుకుని టిక్కీల బరువు రాస్తున్నాడు. ఓనరుగారు కొలువు తీసెయ్యలేదు, కంప్యూటర్ మాత్రం ముట్టుకోవద్దన్నారట.

"నా షాపు గురించి తెలిసి కూడా ఎందుకు చెప్పలేదండీ?"

రుమాలు కిందికి లాగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కారానికో మరి దేనికో. "మీ మంచితనానికి వంక పెట్టినట్టుంటుందని. రోజూ మీ స్టూలు మీద కూర్చుని, మీ మంచినీళ్ళు తాగి..." పాత నవ్వులో పావు వంతు నవ్వాడు. "మీరు పళ్ళు చూశారు, నోట్లో ఏముందో చూడలేదు. నేను నోట్లో ఏముందో చూసి కూడా నోరు మూసుకున్నాను. ఇద్దరికీ సరిపోయింది."

ఆ వారమంతా వక్ఫ్ అల్మరాలోని పుస్తకాలన్నీ తెరిచాను. ఒకదాంట్లో ఒక బ్యాంకు కౌంటరు తాలూకు రాతలు. ఒకదాంట్లో ఒక కాలేజీలో మార్కులు దాచే కంప్యూటర్ సంగతి. ఒకామె వెనక అట్ట మీద ఎవరికీ పంపని ఉత్తరం చిత్తుప్రతి రాసుకుంది. దాన్ని సగంలో ఆపి మూసేశాను. ఇచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే వెదికి పిలిచి, వాళ్ళ పేజీలు వాళ్ళ చేతికే ఇచ్చాను. ఇద్దరు ఏడ్చారు. ఒకడు నన్ను తిట్టాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్న మాటే. అమానత్ అంటే ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన వస్తువు. దాన్ని విప్పకుండా ఉంచడమే దాన్ని కాపాడటమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చేతిలో ఏముందో తెలియనివాడు దేన్నీ కాపాడలేడు. ఒకరి గుట్టు వెదకకూడదన్న మాట ఇప్పటికీ నమ్ముతాను. కానీ నా బద్ధకానికి ఆ మాటను అట్టగా వేశాను. దానం చేయించాలనే తొందరలో, ఇచ్చేవాడు ఒక్క రోజు గడువు అడిగితే దేవుడి పేరు అడ్డుపెట్టి కాదన్నాను. ఆదివారం పాఠంలో ఆ అల్మరాను ఉదాహరణగా చూపడం మానలేదు. అది దేనికి ఉదాహరణో మాత్రం మారింది.

ఇప్పుడు ఎవరు పుస్తకం తెచ్చినా అప్పటికప్పుడు పుచ్చుకోను. ఇచ్చేవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్ళ చేతే పేజీ పేజీ తిప్పిస్తాను. నేను వాళ్ళ ముఖం చూస్తాను. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ రబ్బరు అందిస్తాను. పేజీ వాళ్ళు చూస్తారు, ఆగడం నేను చూస్తాను.

నాగమణి అదే పుస్తకం, పేజీలు పోయిన ఆ ఎర్ర అంచు పుస్తకమే, చదివి ఆ శీతాకాలంలో పాసయింది. తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు బల్లకు అటూ ఇటూ కూర్చున్నాం. పేజీలు తిప్పుతూ పోయింది. ఒకచోట చెయ్యి ఆగింది. నేను రబ్బరు అందించబోయాను.

"వద్దు సాయిబు గారూ. ఇది మీరు చూడొచ్చు" అని పుస్తకం నా వైపు తిప్పింది.

చింపిన పేజీల చోట అంటించిన తెల్ల కాగితం మీద, అదే అభ్యాసానికి ఆమె రాసుకున్నది లేని ఊళ్ళో లేని ఒక దుకాణం గురించి. దానికి తలుపులున్నాయి, గడియలున్నాయి, నకళ్ళున్నాయి. యజమాని పేరు దగ్గర 'తెరిచి చూసేవాడు' అని రాసింది.

కోటేశ్వరరావు రెండు సీజన్లు కాటా దగ్గరే చేశాడు. తర్వాత ఓనరుగారు కొత్తగా చేరినవాళ్ళకు జాగ్రత్తలు చెప్పే పని అతనికి అప్పగించారు. కంప్యూటర్ తాళం మాత్రం ఇప్పటికీ వేరొకరి దగ్గరే ఉంది. కొత్తవాళ్ళకు అతను చెప్పే మొదటి పాఠం తన పుస్తకం కథేనట. పేరు దాచకుండా చెబుతాడట.

చదువుతున్న మీరు ఏ పేరున దేవుణ్ణి పిలిచేవారైనా సరే, ఒక్క క్షణం నాతోపాటు చేతులు చాపండి. ప్రభూ, మా చేతుల్లో పెట్టిన వాటిని తెరిచి చూసుకునే ఓర్పు మాకివ్వు. ఎదుటివారి పొరపాటును వారు నొచ్చుకోకుండా వారికే చెప్పగల మాట మా నాలుక మీద పెట్టు. నిజం చెప్పి నష్టపోయిన కోటేశ్వరరావుకూ, చేతికందిన లాభాన్ని కాదని భయపడుతూనే మెట్లెక్కి వచ్చిన నాగమణికీ నువ్వు మేలు చెయ్యి. మాకు తెలియకుండా మేము ఇతరుల చేతికి దాటించిన గుట్లన్నిటి మీదా నీ దుప్పటి కప్పు. ఆమీన్ అనండి.